దిబ్బతోటలో పోశం

మా పక్కింటి పోశం మా ఇంటికి వస్తే ముందు గోడను పలకరించి, ఆ తర్వాత నన్ను పలకరించేవాడు. చెప్పులు విప్పకముందే గుమ్మం పక్కన వేలి కణుపులతో టక్ టక్‌మని రెండు దెబ్బలు వేసేవాడు. చెవి అటు పెట్టి ఒక క్షణం ఆగి, అప్పుడు "బాగున్నరా టీచరమ్మా" అనేవాడు. మా గృహప్రవేశం రోజు అయ్యవారు మంత్రాలు చదువుతున్నారు, నేను పాలు ఎప్పుడు పొంగుతాయా అని పొయ్యి ముందు నిలబడ్డాను. ఈ మహానుభావుడు ఒక పొడుగాటి కర్ర పట్టుకుని వంటింటి కప్పును ఈ మూల నుంచి ఆ మూల దాకా కొట్టుకుంటూ వచ్చాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

"ఏమిటిది పోశమన్నా, కొత్త ఇల్లు!" అన్నాను.

"కొత్తదే గద టీచరమ్మా, అందుకే కొడుతున్న. పాతదైతే ఎట్లుందో అందరికీ ఎరుకనే ఉంటది" అన్నాడు.

పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు. పోశం బుద్ధి పుట్టుకతో వచ్చింది కాదు, బాయిలో వచ్చింది. గోదావరిఖనిలో బొగ్గు గనిని బాయి అనే అంటారు. భీమవరం దగ్గర పల్లె నుంచి పెళ్లయి వచ్చిన కొత్తలో, ఇంతమంది మగవాళ్లు రోజూ బావిలోకి దిగి ఏం తోడుతారా అనుకునేదాన్ని నేను. మా ఆయన శ్రీనివాసరావు గని సర్వే ఆఫీసులో పనిచేశారు. నేను కాలనీ బడిలో ముప్ఫై ఏళ్లు తెలుగు చెప్పాను. రిటైరయ్యాక క్వార్టర్లు ఖాళీ చేసి, ఊరి చివర పక్కపక్క స్థలాల్లో మేమూ పోశం వాళ్లూ ఇళ్లు కట్టుకున్నాం. రెండిళ్లకీ మధ్య గోడ ఒక్కటే. అది మా పేరున ఉన్నా, దాన్ని కొట్టే హక్కు మాత్రం పోశానిదే.

ముప్ఫై నాలుగేళ్లు బాయిలో టింబర్‌మ్యాన్‌గా చేశాడు పోశం. అంటే, నెత్తి మీది కప్పు కూలకుండా కట్టె స్తంభాలు నిలబెట్టే మనిషి. స్తంభం నిలబెట్టడానికి ముందు కప్పును కర్రతో కొట్టి చూడాలి. గట్టిగా ఉంటే కణకణమంటుంది. లోపల పొర విడిపోయి ఉంటే బొదబొదమని డొల్ల చప్పుడు చేస్తుంది. ఆ తేడా పట్టే చెవి అందరికీ ఉండదట. పోశం చెవి అంటే బాయిలో పని చేయించే సర్దార్లు కూడా మారు మాట్లాడేవాళ్లు కాదని మా ఆయనే చెప్పారు. పోశాన్ని అడిగితే ఒక్కటే జవాబు. "ఏముంటది టీచరమ్మా, కట్టెతోని కొట్టుడు, ఇనుడు. అల్కటి పని."

ఆయన భార్య లస్మవ్వదీ అదే మాట. "మా ఆయనది అల్కటి పని" అని తేలిక పనన్న ధీమాతో ఊరంతా చెప్పుకునేది. ఆమెకు గోడల మీదే కోపం. అన్నం గిన్నెను కొడతాడు, నీళ్ల డ్రమ్మును కొడతాడు, పెళ్లికి పోతే పందిరి గుంజను కొట్టిగానీ విస్తరి ముందు కూర్చోడు. ఎండాకాలం వస్తే మాత్రం మా వీధిలో ఆయన గిరాకీ చూడాలి. పుచ్చకాయల బండి ఆగిందంటే ఆడవాళ్లందరూ పోశం కోసం కేక వేస్తారు. టక్ టక్‌మని రెండు వేసి "గిది తీస్కోండ్రి" అంటాడు. కోస్తే ఎర్రగా లేకపోవడమనేది నేను చూడలేదు.

మొన్న భాద్రపదంలో పది రోజులు వాన వదల్లేదు. పోశం అలవాటు ప్రకారం తన వంటింటి కప్పంతా కొట్టి చూసి, "రాయి లెక్క ఉన్నది" అన్నాడు. రెండు రోజులకు లస్మవ్వ పప్పు తాలింపు వేస్తుంటే కప్పు సిమెంటు పెచ్చు ఊడి ఆమె భుజం మీద పడింది. ఎముక విరగలేదు, భుజం వాచింది. దవాఖానలో ఆమెకు కట్టు కట్టాక, డాక్టరు ఏం చెప్పినా "ఆఁ? ఆఁ?" అంటున్న పోశం చెవులను కూడా పరీక్ష చేశారు. కుడి చెవి దాదాపు పోయింది, ఎడమది సగం ఉంది. డ్రిల్లుల మోతలో, ఫ్యాన్ల మోతలో అన్నేళ్లు గడిపిన చెవులు. చెవి మిషన్ ఇచ్చారు. తెచ్చి బీరువాలో పెట్టాడు.

ఆ రోజు నుంచి ఆయన కొట్టడం మానేశాడు.

మొదట్లో నేను సంతోషించాననే చెప్పాలి. గోడ నిమ్మళంగా ఉంది, మా ఆయన మధ్యాహ్నం కునుకు తీస్తున్నారు. వారం తిరిగేసరికి ఆ నిశ్శబ్దం నాకూ బాగా అనిపించలేదు. పోశం మా ఇంటికి వచ్చి గోడ ముట్టకుండా లోపలికి వచ్చేవాడు, కుర్చీ అంచున కూర్చునేవాడు, టీ తాగి పోయేవాడు. వాళ్ల కప్పు బాగుచేయడానికి వచ్చిన మేస్త్రీ "మిగిలింది గట్టిగుందా కాకా?" అని అడిగితే, "నన్నడుగుతవేంది, నువ్వే సూసుకో" అన్నాడట. ముప్ఫై నాలుగేళ్లు నలుగురు తన మాట మీద ఆనుకుని బతికిన మనిషి, ఇప్పుడు తన మాట మీద తానే ఆనుకోలేకపోయాడు.

లస్మవ్వ ఒక సాయంత్రం మా పెరట్లోకి వచ్చి చిక్కుడుపాదు దగ్గర కూలబడింది. "టీచరమ్మా, ఆయన కొడుతలేడు" అంది.

"నీకు అదే కదా కావాల్సింది లస్మక్కా? రోజూ తిట్టిపోసేదానివి."

"తిడుదును. తిట్టుకుంటనే నలభై ఏండ్లాయె. ఇప్పుడు ఇల్లు పాడువడ్డట్టున్నది. నా భుజం వాపు పోయింది గని ఆయనది పోతలేదు. ఎట్ల జెయ్యాలె చెప్పు."

నాకు తెలిసిన మందు ఒక్కటే, కార్తీక వనభోజనం. ప్రతి ఏడూ మా వీధివాళ్లను పోగుచేసి ఏదో ఒక తోటకు తోలుకుపోవడం నా పిచ్చి. కోస్తా నుంచి తెచ్చుకున్న అలవాటు. ఉల్లి లేదు, గుడ్డు లేదు అని ఇక్కడివాళ్లు గొణుగుతూనే వచ్చి, పులిహోర మూడుసార్లు వడ్డించుకుంటారు. ఈసారి దగ్గర పార్కులు వద్దు, దిబ్బతోటకు పోదామన్నాను.

దిబ్బతోట మాకు బస్సులో గంటన్నర దూరం. పెద్ద చెరువు మధ్యలో దిబ్బ, దిబ్బ నిండా తోట. నిజాం కాలంలో చెట్ల పిచ్చి ఉన్న ఒక అటవీ అధికారి ఎక్కడెక్కడి దేశాల నుంచో మొక్కలు తెప్పించి అక్కడ నాటించాడట. పశువులు రావు, గొడ్డళ్లు రావు, చుట్టూ నీళ్లే కాపలా. పడవ దిగి లోపలికి పోతుంటే ప్రతి చెట్టుకీ తుప్పు పట్టిన రేకు ముక్క, దాని మీద ఎవరికీ నోరు తిరగని పేరు. కొమ్మకు కాకుండా మొదలు మీదే పూసి గుండ్రాళ్లంత కాయలు కాసే నాగమల్లి ఉంది. అద్దాలన్నీ పోయి ఇనుప ఊచలు మాత్రం మిగిలిన అద్దాల ఇల్లు ఉంది. మొక్కలకు నీళ్లు పారించిన రాతి కాలువలో ఇప్పుడు తొండలు తిరుగుతున్నాయి. ఇంత చక్కని చోటు ఇంత దగ్గర పెట్టుకుని ముప్ఫై ఏళ్లు పిల్లలకు పుస్తకంలో తోటల వర్ణన చెప్పానే అని నన్ను నేనే తిట్టుకున్నాను.

బయల్దేరే ముందు పోశం రానన్నాడు. "నువ్వు రాకుంటే నేను గూడ పోను, టీచరమ్మ నారాజ్ అయితది" అని లస్మవ్వ నా పేరు అడ్డం పెట్టి లాక్కొచ్చింది. బస్సులో కిటికీ పక్కన కుక్కిన పేనులా కూర్చున్నాడు. మేం ముప్ఫై ఎనిమిది మందిమి.

తోటమాలి ఎల్లన్న మమ్మల్ని ఒడ్డునే కలిశాడు. అరవై దాటిన మనిషి, ఖాకీ చొక్కా, మాటకారి. "మా తాత ఈ చెట్లకు మోట గొట్టిండు, మా నాయిన పాదులు తీసిండు, నేను ఈ రేకులు తుడుస్తున్న" అని ఒక్క వాక్యంలో మూడు తరాలు చెప్పేశాడు. దిబ్బ మధ్యలో ఉసిరిచెట్టు, దాని పక్కనే ఆకాశమంతా కప్పేసిన నిద్రగన్నేరు. సాయంత్రం కాగానే ఆకులు ముడుచుకుంటుంది కాబట్టి ఆ పేరు. ఆ చెట్టు మొదలును మా ముప్ఫై ఎనిమిది మందిలో ఎనిమిది మంది చేతులు చాపి పట్టుకుంటే గాని చుట్టు రాలేదు. గడ్డి మైదానం మీదికి చాచిన ఒక పొడుగు కొమ్మ కింద ఎల్లన్న తాడు కట్టి ఉంచాడు.

"మొన్నటి వానలకు గా కొమ్మ కిర్రుమన్నది. దాని కింద ఎవ్వలు కూసోవద్దు. అటు చెరువు దిక్కు కూసోండ్రి, నీడ మంచిగుంటది. ఈ చెట్టు మొదలు ఏనుగుతోని గుద్దిచ్చినా కదలది" అన్నాడు.

మా ఆయన వెంటనే చెరువు వైపు, మొదలుకు ఆనించి జంపఖానాలు పరిపించారు. నేను ఉసిరిచెట్టుకు పూజ చేసి వచ్చేసరికి పులిహోర గంగాళం, పరమాన్నం గిన్నె అన్నీ అక్కడికే చేరాయి. అందరూ చెట్టుకు వీపు ఆనించి కూర్చున్నారు. పోశం మాత్రం ఎండలో, దూరంగా రాతి కాలువ గట్టు మీద కూర్చున్నాడు.

"నీడలోకి రావయ్యా పోశమన్నా" అని గట్టిగా పిలిచాను.

"గీడనే మంచిగున్న టీచరమ్మా."

మంచిగా లేడు. ఆయన చూపు చెట్టు మొదలు మీద, నేలలోకి దిగే చోట ఉంది. ఒళ్లో పెట్టుకున్న ఎడమ చెయ్యి మూస్తున్నాడు, తెరుస్తున్నాడు. నేను చూసినట్టే లస్మవ్వా చూసింది. కోతులను తోలడానికి ఎల్లన్న చెట్టుకు ఆనించి పెట్టిన వెదురు కర్ర తీసుకుని నేరుగా పోయి మొగుడి ముందు పెట్టింది.

"కొట్టు" అంది.

"ఏం కొట్టుమంటవు?"

"నీకేదో అనుమానమున్నది. కొట్టి సూడు."

"కొడితే ఇనాలె గద! ఇనవడదు నాకు. ఇనవడనిది ఇనవడ్డదని చెప్పి నీ భుజం ఇరగ్గొడితి, సాలదా?"

చెవి తగ్గినవాళ్లకు తమ గొంతు ఎంత పెద్దదో తెలియదు. ఆ మాట దిబ్బంతా వినపడింది. విస్తళ్లు పరుస్తున్నవాళ్లు ఆగిపోయారు. రెండు నెలలుగా ఎవరికీ చెప్పని మాట ముప్ఫై ఎనిమిది మంది ముందు బయట పడేసరికి పోశం మొహం దించుకున్నాడు. వెనక నుంచి ఎవరో చిన్నగా నవ్వారు. నేను అటు తిరిగి బడిలో చూసే చూపు చూశాను. నవ్వు ఆగింది.

లస్మవ్వ కర్ర కింద పెట్టలేదు. ఆయన పక్కన కూర్చుని ఎడమ చెవి దగ్గర నోరు పెట్టింది. "ఇనవడకపోతే ఇంకేం తోవ లేదా? బాయిల మోటర్ నడుస్తుంటే గప్పుడెట్ల ఇంటుంటివి?"

పోశం తలెత్తి ఆమెను చూశాడు. తన ఎడమ అరచెయ్యిని చూసుకున్నాడు. తర్వాత మెల్లగా అన్నాడు. "మోటర్ కాడ చెవితోని గాదు, చేత్తోని సూస్తుంటిమి. అరచెయ్యి ఆనిచ్చి పెట్టాలె. పక్కపొంటి కొడితే అదురు వస్తది. గట్టిగుంటే ఒక తీరు, డొల్లగుంటే ఒక తీరు. కాని కొట్టేటోడు వేరే ఉండాలె. జోడీ పని అది."

"నేను కొడుత" అంది లస్మవ్వ.

"నీతోని గాదు."

"నలభై ఏండ్లు కారం దంచిన చెయ్యి. కొట్టుడు రాదా?"

అలా మొదలైంది. పోశం లేచి వచ్చి చెట్టు మొదలు మీద ఎడమ అరచెయ్యి పరిచి కళ్లు మూసుకున్నాడు. లస్మవ్వ మూరెడు దూరంలో కర్రతో కొట్టింది. "గట్టిగ." కొట్టింది. "ఇంకో సారి. జెర మీదికి." కొట్టింది. ఒక అడుగు పక్కకు జరిగారు. మళ్లీ చెయ్యి, మళ్లీ దెబ్బ. ముందు తాడు కట్టిన కొమ్మ వైపు చూశారు. కొమ్మ మొదట్లో నాలుగుసార్లు కొట్టించి, "గిది మంచిగనే ఉన్నది. ఎండు పుల్ల రాసుకుని కిర్రుమన్నదేమో. నువ్వు తాడు తప్పు కాడ గట్టినవే" అన్నాడు ఎల్లన్నతో. ఎల్లన్న మొహం ముడుచుకున్నాడు. మూడు తరాల చెట్టు గురించి నిన్నగాక మొన్న వచ్చినవాడు చెబుతుంటే ఎవరికైనా అలాగే ఉంటుంది.

చెరువు వైపు వచ్చేసరికి జంపఖానాల మీద ఉన్నవాళ్లు పక్కకు జరిగారు. పోశం మోకాళ్ల మీద కూర్చుని, వేళ్లు నేలను తాకేలా చెయ్యి పెట్టాడు. లస్మవ్వ కొట్టింది. ఆయన కళ్లు తెరవలేదు. "మళ్ల" అన్నాడు. కొట్టింది. "మళ్ల." మూడోసారి కొట్టగానే చెయ్యి తీసేసి లేచాడు.

"అందరు లేవుండ్రి. జల్ది. ఇటు దిక్కు ఎవ్వలుండొద్దు."

అప్పటిదాకా నేను విన్న పోశం గొంతు కాదది. గోడలు కొట్టే పక్కింటి మనిషి గొంతు కాదు. ముప్ఫై ఎనిమిది మందిలో ఒక్కరు కూడా ఎందుకని అడగలేదు. బాయిలో పనిచేసి రిటైరైన మగవాళ్లయితే అందరికంటే ముందు లేచారు. మా ఆయన పరమాన్నం గిన్నెను పసిబిడ్డను ఎత్తుకున్నట్టు రెండు చేతుల్లో పట్టుకుని పరుగెత్తారు. నలభై ఏళ్ల కాపురంలో ఆయన పరుగెత్తడం అదే మొదటిసారి చూశాను.

ఎల్లన్నకు మాత్రం నచ్చలేదు. "ఏనుగుతోని గుద్దిచ్చినా..." అని మొదలుపెట్టాడు. "గడ్డపార తే" అన్నాడు పోశం. తెచ్చాడు. పోశం చూపించిన చోట, నేలకు జానెడు మీద, ఎల్లన్న కోపంగా ఒక పోటు పొడిచాడు. గడ్డపార ఆగలేదు. మోచేతి లోతు లోపలికి పోయింది. బయటికి లాగితే నల్లటి పొట్టు, దాని వెంట చీమల దండు వచ్చింది. మేం వీపులు ఆనించింది అక్కడే.

ఎల్లన్న గడ్డపార పట్టుకుని అలాగే నిలబడ్డాడు. "కొట్టేస్తరా ఇగ? సార్లకు చెప్తె కొట్టేస్తరు" అన్నాడు.

"కొట్టుడెందుకు?" అన్నాడు పోశం. "మూడు వంతులు గట్టిగున్నది. ఇటు దిక్కే పాడైంది. ఇటు మూడు మొద్దులు నిలవెట్టు, మీద సీలలు బిగియ్యి. నిలవెట్టుడు నేను చూపిస్త. లోపల పొట్టంత తీసి ఎండనియ్యి. ఇంకా మీ మనుమని దాకా ఉంటది." అంటూనే కర్రతో నేల మీద ఏటవాలు గీతలు గీసి, ఏ మొద్దు ఎక్కడ నిలబెట్టాలో చూపించడం మొదలుపెట్టాడు. రెండు నెలల నుంచి కుర్చీ అంచున కూర్చున్న మనిషి ఈయనేనా అనిపించింది. లస్మవ్వ కర్ర భుజాన వేసుకుని, "గీయనే నా మొగడు" అన్నట్టు నిలబడింది.

విస్తళ్లు అవతలి వైపున్న ఉసిరిచెట్టు కిందికి మారాయి. ఎండ పడ్డా ఎవరూ గొణగలేదు. లస్మవ్వ నాతో పాటు వడ్డనకు దిగింది. భుజం నొప్పి ఎటు పోయిందో, పరమాన్నం గిన్నె తానే ఎత్తింది. ఎల్లన్న కోపం పోయి పోశం పక్కనే విస్తరి వేయించుకున్నాడు. ఇక అడిగిందే అడుగుడు.

"అన్నా, బాయిల గూడ గిట్లనే సూస్తరా?"

"ఊఁ. బొగ్గు పేలుస్తరు గద, పొగ పోయినంక కప్పు ఎట్లుందో సూడాలె."

"అంటే సూసేదాక కిందికి ఎవ్వలు పోవద్దు."

"పోరు. సర్దార్ గూడ ఆగుతడు."

"మరి సూసేటోడు?"

పోశం పులిహోర ముద్ద నోట్లో పెట్టుకుంటూ, వాతావరణం గురించి చెప్పినట్టు అన్నాడు. "సూసేటోడు పోవాలె గద. కప్పు కిందికి మొదలు పొయ్యేది నేనే. నేను మంచిగుందంటెనే తక్కినోళ్లు వస్తరు."

లస్మవ్వ అప్పుడు మా ఆయన విస్తట్లో పరమాన్నం వేస్తోంది. గరిటె వంచింది వంచినట్టే ఉండిపోయింది. పరమాన్నం విస్తరి దాటి ఆయన పంచె మీద పడింది. ఆయన తల ఎత్తలేదు. ఆయనకు ముందే తెలుసునని నాకు అప్పుడే అర్థమైంది.

ఆమె గిన్నె కింద పెట్టి పోయి పోశం ముందు కూర్చుంది. "మొదలు పొయ్యేది నువ్వా?"

"ఆఁ?"

మళ్లీ అడిగింది, గట్టిగా. "పేల్చినంక మొదలు పొయ్యేది నువ్వా?"

పోశం చేతిలో ముద్ద విస్తట్లో పెట్టేశాడు. తప్పించుకోవడానికి ఎల్లన్న వైపు చూశాడు. ఎల్లన్న విస్తరి వైపు చూశాడు.

"ఎన్నిసార్లు?"

"దినాం."

"దినానికి ఎన్నిసార్లు?"

"షిఫ్టుకు మూడో నాలుగో."

"అల్కటి పనంటివి" అంది లస్మవ్వ. "కట్టెతోని కొట్టుడు, ఇనుడు అంటివి. మా చెల్లె మొగడు బొగ్గు పేల్చే పనికి పోతుంటే అది దినాం ఏడుస్తుండె. నేను పొయ్యి దానికి ధైర్యం చెప్పొస్తుంటి. మీ ఆయనది పానం మీది పని గని మా ఆయనకు ఫికర్ లేదని చెప్పుకుంటి. నీకు సద్ది గట్టిచ్చి నేను నిమ్మళంగ ఇంట్ల కూసుంటి. నా బొట్టు తీస్కపోయి దినాం నాలుగుసార్లు గా కప్పు కింద పెడితివా నువ్వు?"

ఇంట్లో అయితే తలుపేసుకుని అనుకోవాల్సిన మాటలు. ఆయనకు వినపడాలంటే కేకలే వేయాలి కాబట్టి దిబ్బ మీద ఉన్న మేమందరం విన్నాం. ఎవరూ నమలడం లేదు. ఆయన రిటైరై ఆరేళ్లు దాటిన తర్వాత, ఇక ఏ ప్రమాదమూ లేని ఒక మధ్యాహ్నం, లస్మవ్వకు ముప్ఫై నాలుగేళ్ల భయం ఒక్కసారే వచ్చి పడింది. నేను లేచి పోయి ఆమె వీపు మీద చెయ్యి వేశాను.

"అబద్ధమెందుకు చెప్పినవు?" అంది చివరికి.

పోశం ఎంగిలి చెయ్యి విస్తరి మీదే పెట్టుకుని నేల చూశాడు. "ఇద్దరం భయపడుడెందుకు లస్మీ? ఒక్కలం పడితే సరిపోతది గద."

"నీకు భయమైతుండెనా?"

"దినాం" అన్నాడు.

ఆ మాటకు ఆమె కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. ఆయన కుడి చెయ్యి ఎంగిలని ఎడమ చెయ్యి చాపి, ఇందాక చెట్టును చూసిన అదే అరచెయ్యిని ఆమె వీపు మీద పరిచి, అలా ఉంచాడు. ఆమె ఏడుపు తగ్గేదాకా తీయలేదు. మేం తలలు తిప్పుకుని చల్లారిన పులిహోర తిన్నాం.

నాలుగు గంటలకు పడవవాడు కేక వేశాడు. పోశం, ఎల్లన్న మొద్దుల కొలతలు మాట్లాడుకుని, వచ్చే ఆదివారం రావాలని ఖాయం చేసుకున్నారు. ఒడ్డు నుంచి పడవలోకి ఒక చెక్క వేసి ఉంది, నీళ్లు పడి నున్నగా తడిసింది. ఆడవాళ్లు జంకుతున్నారు. పోశం ఎప్పటిలాగే అందరినీ దాటుకుని ముందుకు వచ్చి, చెక్క మీద కాలు పెట్టబోయాడు.

లస్మవ్వ వెనక నుంచి ఆయన చొక్కా పట్టుకుని గుంజింది.

"ఆగు" అంది. "ఇయ్యాల నేను పోత మొదలు."

చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని చెక్క మీద ఒక కాలు పెట్టింది. నొక్కి చూసింది. రెండో కాలు పెట్టింది. నాలుగడుగులు వేసి పడవలోకి దిగి, వెనక్కి తిరిగి ఆయనకు చెయ్యి చాపింది.

"గట్టిగనే ఉన్నది. ఇగ రా."